ఇరుసు జరిగితే బండి నడక మారుతుంది

ఆత్మకూరు దగ్గర నెల్లూరు–ముంబై రోడ్డు పక్కన కాసేపు నిలబడితే టైర్ల లెక్క చెవిన పడుతూనే ఉంటుంది. పది టైర్ల లారీ, పన్నెండు టైర్లది, పద్నాలుగు టైర్లది, వాటి వెనక పద్దెనిమిది, ఇరవై రెండు టైర్ల ట్రైలర్లు. కృష్ణపట్నం రేవు దగ్గర మొదలై నెల్లూరు, ఆత్మకూరు, మర్రిపాడు దాటి, వెలిగొండల మీదుగా బద్వేలు, మైదుకూరు వైపు పోయే ఈ దారికి కాగితాల మీద పేరు జాతీయ రహదారి 67. బండి ఎంత బరువు మోయగలదో టైర్ల లెక్క చెబుతుంది. మలుపులో అది ఎలా తిరుగుతుందో, ఘాట్ ఎలా ఎక్కుతుందో, రివర్సులో ఎంత సతాయిస్తుందో మాత్రం చెప్పదు. అది తెలియాలంటే ఇరుసులు ఎక్కడ బిగించారో చూడాలి.

రోడ్డు మీద పోయే బండిని చూసి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం. బండి క్షణంలో దాటిపోతుంది, ఒకే దారిలో ఒకే బరువుతో రెండు రకాల ట్రైలర్లను పక్కపక్కన పోల్చి చూసే వీలు ఎవరికీ దొరకదు. ఆ వీలు కంప్యూటర్ ఆటలో ఉంది. ప్రాగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012లో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 తెచ్చింది, 2016లో అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్ తెచ్చింది. మన కుర్రాళ్ల ఫోన్లలో ఎక్కువగా కనిపించేది 2017లో వచ్చిన బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా. దానికి ఆర్టీసీ రంగులు వేసుకుంటారు, మన లారీల మోడ్‌లు, అంటే ఆటను మార్చే ఫైళ్లు, ఎక్కించుకుంటారు. బస్సుతో, లారీతో చేయి తిరిగినవాళ్లు కూడా మొదటిసారి ట్రైలర్ తగిలించగానే మలుపులో గోడకు గీసుకుంటారు. కారణం వాళ్ల చేతుల్లో లేదు, ట్రైలర్‌ను లాగే బండికి తగిలించే కింగ్‌పిన్నుకూ వెనక ఇరుసులకూ మధ్య ఉన్న దూరంలో ఉంది.

ముందుగా టైర్ల సంగతి. మన పద్దెనిమిది టైర్ల ట్రైలర్‌లో ముందు లాగే బండికి 6 టైర్లు, వెనక ట్రైలర్‌కు మూడు ఇరుసుల మీద 12. అమెరికా వాళ్ల పద్దెనిమిది టైర్ల బండిలో లాగే బండికే 10, ట్రైలర్‌కు రెండు ఇరుసుల మీద 8. యూరప్‌లో ఇదే పని చేసే బండికి మొత్తం 12 టైర్లే. అక్కడ ట్రైలర్ ఇరుసుకు ఇటొకటి అటొకటి వెడల్పాటి టైర్లు వేస్తారు, జంట టైర్లు వేయరు. మన దేశంలో 2018 జూలైలో ఇరుసు బరువుల పరిమితి పెంచారు. ముందు స్టీరింగ్ ఇరుసుకు 7 టన్నులు, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 11.5, జంట ఇరుసులకు 21, మూడు ఇరుసుల గుంపుకు 27. కూడి చూడండి. 7, 11.5, 27 కలిస్తే 45.5 టన్నులు, అదే మన పద్దెనిమిది టైర్ల బండి. 7, 21, 27 కలిస్తే 55, అదే ఇరవై రెండు టైర్లది. అమెరికాలో మామూలు పరిమితి 80 వేల పౌండ్లు, అంటే 36 టన్నుల పైచిలుకు. టైర్లు రెండు చోట్లా పద్దెనిమిదే అయినా, రెండూ తొక్కే దారి వేరు, తిరిగే తీరు వేరు.

ఆట లోపల ఏం జరుగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. ట్రైలర్ మలుపులో ఇలా తిరగాలి అని ఎవరూ సూత్రం రాసి పెట్టలేదు. ట్రైలర్ అంటే ఆటకు ఒక బరువైన దిమ్మ. ముందు ఒక చోట కింగ్‌పిన్ను, వెనక కొన్ని చోట్ల చక్రాలు. సెకనుకు కొన్ని డజన్ల సార్లు కంప్యూటర్ ఒక్కో చక్రం దగ్గరకూ పోయి రెండు సంగతులు కనుక్కుంటుంది. నీ మీద బరువెంత? నువ్వు చూస్తున్న దిక్కుకూ, నిజంగా పోతున్న దిక్కుకూ మధ్య తేడా ఎంత? ఈ తేడా కోణాన్నే ఇంజనీర్లు స్లిప్ యాంగిల్ అంటారు. కోణం పెరిగేకొద్దీ టైరు పక్కకు తోసే బలం పెరుగుతుంది, ఒక హద్దు దాటాక ఇక పెరగదు, జారుతుంది. అన్ని చక్రాల బలాలనూ కూడి దిమ్మను ఇంచుక కదుపుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. మలుపులో లోపలికి కోసుకుపోవడం, వెనక భాగం బయటికి ఊగడం, బోల్తా కొట్టడం అన్నీ ఈ లెక్కలోంచి వాటంతట అవే పుట్టుకొస్తాయి. అందుకే మోడ్ చేసే కుర్రాడు ఇరుసును ఒక మీటరు వెనక్కి జరిపితే చాలు, బండి స్వభావమే మారిపోతుంది.

మలుపు లెక్క పదో తరగతి పైథాగరస్‌తోనే తేలిపోతుంది. నెమ్మదిగా, గుండ్రంగా తిరిగే బండిలో కింగ్‌పిన్ను ఒక వలయం గీస్తుంది, ట్రైలర్ ఇరుసు మధ్యభాగం అంతకంటే చిన్న వలయం గీస్తుంది. పెద్ద వ్యాసార్ధం వర్గంలోంచి కింగ్‌పిన్ను–ఇరుసు దూరం వర్గాన్ని తీసేసి, వర్గమూలం కడితే చిన్న వ్యాసార్ధం వస్తుంది. కింగ్‌పిన్ను 12 మీటర్ల వలయంలో తిరుగుతోందనుకుందాం. ఇరుసు 6 మీటర్ల వెనక ఉంటే అది 10.4 మీటర్ల వలయంలో వస్తుంది, అంటే మీటరున్నర పైన లోపలికి కోస్తుంది. ఇరుసు 8 మీటర్ల వెనక ఉంటే వలయం 8.9 మీటర్లు, కోత 3 మీటర్లు. ఇరుసు జరిగింది రెండే మీటర్లు, కోత మాత్రం దాదాపు రెండింతలైంది.

మూడు మీటర్లంటే ఒక లైను వెడల్పుకు కాస్త తక్కువ. కూడలిలో ఎడమకు తిరిగే ట్రైలర్ పక్కన, మూల దగ్గర మోటార్ సైకిల్ ఆపుకున్నవాడు ముందు క్యాబిన్ దూరంగా పోవడం చూసి చోటుందనుకుంటాడు. క్యాబిన్ పోయిన దారిలో వెనక చక్రాలు రావు. ఆటలో ఈ పాఠం ఫుట్‌పాత్ రాయి ఎక్కిన కుదుపుతో, పగిలిన సిగ్నల్ స్తంభంతో తేలిపోతుంది. లైసెన్సు ఇచ్చే ముందు ప్రతి ద్విచక్ర వాహనదారుడి చేతా పావుగంట సేపు ఈ ఆటలో ట్రైలర్ తిప్పించాలని నేను గట్టిగా నమ్ముతాను. పక్కన ఎక్కడ నిలబడకూడదో స్టీరింగ్ పట్టినవాడికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

చాలా దేశాలు ఈ కోతకు హద్దు పెట్టుకున్నాయి. యూరప్‌లో బండి మొత్తం 12.5 మీటర్ల బయటి వలయంలో తిరుగుతూ 5.3 మీటర్ల లోపలి వలయాన్ని తొక్కకూడదు. అందుకే అక్కడి 13.6 మీటర్ల ట్రైలర్‌కు మూడు ఇరుసుల మధ్యభాగం కింగ్‌పిన్నుకు ఏడున్నర, ఎనిమిది మీటర్ల మధ్యలో పడుతుంది. అమెరికాలో 53 అడుగుల ట్రైలర్ అంటే 16 మీటర్ల పొడవు. వెనక జంట ఇరుసులను పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిపి పిన్ను పెట్టే ఏర్పాటు ఉంటుంది. కాలిఫోర్నియాలో కింగ్‌పిన్ను నుంచి చిట్టచివరి ఇరుసుకు 40 అడుగులు మించకూడదు. అక్కడికి పోయే డ్రైవరు ఇరుసులను ముందుకు జరుపుకోవాల్సిందే. ముందుకు జరిపితే లోపలి కోత తగ్గుతుంది గానీ, ఇరుసు వెనక మిగిలిన తోక పొడవు పెరుగుతుంది. ఎడమకు తిరిగేటప్పుడు ఆ తోక కుడివైపు పక్క లైనులోకి ఊగుతుంది.

ఇక్కడిదాకా ట్రైలర్‌కు ఒకే ఇరుసు ఉన్నట్టు లెక్క కట్టాం. మూడు ఇరుసులుంటే వాటి మధ్యదాన్ని లెక్కలోకి తీసుకుంటే దాదాపు సరిపోతుంది. దాదాపు మాత్రమే. మూడూ ఒకదానికొకటి సమాంతరంగా బిగించి ఉంటాయి కాబట్టి మలుపులో అన్నీ శుభ్రంగా దొర్లలేవు. ఇరుకు మలుపులో నిండు బరువుతో తిరిగే ట్రైలర్‌ను పక్కనుంచి కాక వెనకనుంచి, కాస్త వంగి చూడండి. మధ్య టైర్లు మామూలుగా దొర్లుతుంటాయి. ముందు వరస టైర్లు ఒక పక్కకు ఒరుగుతాయి, చివరి వరసవి రెండో పక్కకు. టైరు గోడ పొంగి, రిమ్ము నుంచి జారిపోతుందేమో అన్నంత వంకరగా కనిపిస్తుంది. బండి పోయాక సిమెంటు రోడ్డు మీద నల్లటి చారలు మిగులుతాయి. ఈ ఈడ్పు వల్ల ట్రైలర్ ఉన్నదానికంటే కొంచెం పొడవైన దానిలా నడుస్తుంది. ఇరుసుల మధ్య 1.3 మీటర్ల ఎడంతో మూడు ఇరుసులుంటే, 8 మీటర్ల ట్రైలర్ సుమారు 14 సెంటీమీటర్లు పొడవైనట్టు ప్రవర్తిస్తుంది. అమెరికా ఆటలో రెండు ఇరుసుల మధ్య 3 మీటర్ల ఎడం ఉండే ఫ్లాట్‌బెడ్‌లు దొరుకుతాయి. అదే 8 మీటర్ల పొడవుకు లెక్క కడితే వాటికి ఈ తేడా దాని రెండింతలు, 28 సెంటీమీటర్లు. ఎడం ఇరుసుల బండిని ఇరుకు యార్డులో తిప్పితే స్టీరింగ్ తిప్పినా ముందు బండి నేరుగా తోసుకుపోతున్నట్టు ఉంటుంది. ఆ మొండితనం ఈ ఈడ్పుదే.

యూరప్ ట్రైలర్లలో కొన్నిటికి చివరి ఇరుసు తనంతట తాను తిరుగుతుంది. ఆటలోనూ నగరం లోపల సరుకు దించే పొట్టి ట్రైలర్‌తో ఇది చూడొచ్చు. తిరిగే ఇరుసు పక్కకు తోసే బలంలో పాలు పంచుకోదు కాబట్టి, మిగిలిన ఇరుసుల మధ్యభాగమే అసలు లెక్కకు వస్తుంది. మూడింటిలో చివరిది తిరిగితే ఆ మధ్యభాగం 65 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. ఉదయగిరి కొండ కింద ఉన్నలాంటి పాత బజారు వీధిలోకి సరుకు తేవాలంటే ఆ 65 సెంటీమీటర్లే బండి తిరగడానికీ, తిరగకపోవడానికీ మధ్య తేడా. వేగంగా పోయేటప్పుడు, రివర్సులో మాత్రం ఆ ఇరుసును కదలకుండా బిగించేస్తారు.

ఇక బరువు పంపకం. రెండెడ్ల బండి తోలినవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. బస్తాలు ముందుకు పడితే కాడి బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక్కి పడితే కాడి పైకి లేచి మెడతాడు బిగుసుకుంటుంది. ఇరుసుకు రవంత ముందుగా బరువు పడేట్టు సర్దడమే బండి కట్టేవాడి నేర్పు. ట్రైలర్‌లో ఎద్దుల చోట లాగే బండి డ్రైవ్ చక్రాలుంటాయి, అంతే తేడా.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మ ఒకటి తీసుకుందాం. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తున్న దిమ్మ దాదాపు 26 టన్నులు తూగుతుంది. కింగ్‌పిన్నుకు 8 మీటర్ల వెనక ఇరుసుల మధ్యభాగం, 5 మీటర్ల వెనక దిమ్మ నడిబొడ్డు ఉన్నాయనుకోండి. ఇరుసుల మీద 16.25 టన్నులు, కింగ్‌పిన్ను మీద 9.75 టన్నులు పడతాయి. దిమ్మను ఒక్క మీటరు ముందుకు జరిపితే కింగ్‌పిన్ను మీద 13 టన్నులు, లాగే బండి ఒంటి ఇరుసు పరిమితిని అదొక్కటే దాటేస్తుంది. దిమ్మను కదపకుండా ఇరుసులనే మీటరున్నర ముందుకు తెస్తే ఇరుసుల మీద 20, కింగ్‌పిన్ను మీద 6. ఇప్పుడు మలుపు తేలిక, ఎక్కడం కష్టం.

ఎందుకు కష్టమో వెలిగొండల ఎక్కుడులో వాన రోజున తెలుస్తుంది. మొత్తం 40 టన్నుల బండి, 100 మీటర్లకు 6 మీటర్లు లేచే ఎక్కుడు. పైకి లాగడానికి 2.4 టన్నుల బలం కావాలి, టైర్లు దొర్లడానికి ఇంకో 0.3 కలుపుకుంటే 2.7. తడి రోడ్డు మీద టైరు పట్టు తన మీదున్న బరువులో 40 శాతం అనుకుందాం. డ్రైవ్ ఇరుసు మీద 11 టన్నులుంటే 4.4 టన్నుల లాగుడు దొరుకుతుంది, బండి హాయిగా ఎక్కుతుంది. అదే ఇరుసు మీద 6 టన్నులే ఉంటే దొరికేది 2.4. ఎంత గుర్రపు శక్తి ఉన్న ఇంజనైనా చక్రాలు అక్కడికక్కడే తిరుగుతాయి, బండి కదలదు.

లిఫ్ట్ యాక్సిల్ ఉన్న ఆటగాడు ఈ చోట ఒక మీట నొక్కి బయటపడతాడు. మూడు ఇరుసుల ట్రైలర్‌లో మొదటిదాన్ని ఎత్తితే మిగిలిన రెండింటి మధ్యభాగం వెనక్కి పోతుంది, కింగ్‌పిన్ను మీదకు బరువు వస్తుంది, డ్రైవ్ చక్రాలకు పట్టు దొరుకుతుంది. కానీ ట్రైలర్ పొడవైనట్టయి మలుపులో ఎక్కువ కోస్తుంది. చివరిదాన్ని ఎత్తితే సరిగ్గా తలకిందులు. మన పద్నాలుగు టైర్ల లారీలు ఖాళీగా పోతూ ఇరుసు ఎత్తుకునేది టైరు అరగకుండా, డీజిల్ ఆదా కోసం. ట్రైలర్ దగ్గరకు వచ్చేసరికి అదే మీట బండి తిరిగే తీరునే మారుస్తుంది. ఇరుసు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి ఆటలో అదే మూల తిప్పి చూడండి, వెనక చక్రం గీత ఎంత జరిగిందో కంటికే తెలుస్తుంది. సరుకును ఎక్కడ పెట్టాలో మాత్రం ఆట మన చేతికివ్వదు, అది ఎక్కించిందే బరువు. ఈ ఆటల్లో నాకు వెలితిగా కనిపించేది అదే.

బోల్తా సంగతికి వస్తే ఇరుసుల సంఖ్య కంటే వెడల్పు, స్ప్రింగుల బిగువు, సరుకు ఎత్తు ముఖ్యం. డీసీపల్లి, కలిగిరి పొగాకు వేలం కేంద్రాల నుంచి బేళ్లు ఎత్తుకుని పోయే లారీలను చూస్తే ఇది అర్థమవుతుంది. పొగాకు బేలు పెద్ద బరువేమీ ఉండదు, అందుకే బండికి తగిన బరువు నింపడానికి ఎత్తుగా పేర్చుకుపోతారు. బరువు కేంద్రం పైకి పోతుంది. గ్రానైట్ దిమ్మ ఎంత బరువైనా నేలకు దగ్గరగా కూర్చుంటుంది. ఎత్తుగా నింపిన ట్రైలర్ తన బరువులో మూడో వంతుకు కాస్త పైన పక్కబలం తగిలితే చాలు, లోపలి చక్రాలు నేల వదులుతాయి. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఘాట్ మలుపులో ఆ హద్దు గంటకు 36 కిలోమీటర్ల దగ్గరే వచ్చేస్తుంది. లారీ ఒరిగితే డ్రైవరుకు సీటులోనే తెలుస్తుంది. ట్రైలర్ లోపలి చక్రం లేచిన సంగతి ముందు క్యాబిన్‌లో కూర్చున్నవాడికి చాలా ఆలస్యంగా చేరుతుంది.

యూరో ట్రక్‌లో సెట్టింగ్స్‌లోకి పోతే ట్రైలర్ స్టెబిలిటీ అని ఒక మీట ఉంటుంది. దాన్ని పూర్తిగా పెంచుకుని, ఘాట్‌లో 70లో తిరిగినా ఏమీ కాలేదని చెప్పుకునేవాళ్లున్నారు. దాన్ని బాగా తగ్గించి, ఎత్తైన సరుకుతో అదే మలుపు తిరగాలి. అప్పుడే ఆట నిజానికి దగ్గరగా వస్తుంది. ఆ మీట పెంచి ఆడినవాడికి ఆట నేర్పేది తప్పుడు ధైర్యమే.

ఒక పొడుగాటి ట్రైలర్ బదులు రెండు పొట్టివి తగిలిస్తే? మలుపులో లాభమే. కింగ్‌పిన్ను 15 మీటర్ల వలయంలో తిరిగేటప్పుడు 12 మీటర్ల ట్రైలర్ 6 మీటర్లు లోపలికి కోస్తుంది. దాన్ని ఆరేసి మీటర్ల రెండు ముక్కలు చేస్తే, మధ్యలో కొక్కేల దూరం వదిలేసి లెక్క కడితే, కోత 2.6 మీటర్లకు దిగిపోతుంది. కానీ వేగంలో కథ తిరగబడుతుంది. 80లో పోతూ అడ్డొచ్చిన దాన్ని తప్పించడానికి స్టీరింగ్ చటుక్కున అటూ ఇటూ తిప్పితే, మామూలు ట్రైలర్ దాదాపు ముందు బండి ఊగినంతే ఊగుతుంది. జంట ట్రైలర్లలో చివరిది రెండింతలు ఊగుతుంది, అమెరికా ఆటలో దొరికే మూడు ట్రైలర్ల వరసలో చివరిది మూడింతల పైనే. ముందున్నవాడికి చిన్న కుదుపు అనిపించింది చివరి పెట్టె దగ్గర బోల్తా అవుతుంది.

చివరికి రివర్సు. ఇక్కడ అందరి అంచనా తప్పుతుంది, పొట్టి ట్రైలర్ తేలికనుకుంటారు. ముందు బండిని నేరుగా వెనక్కి నెడుతున్నప్పుడు ట్రైలర్ ఏ కాస్త వంకరగా ఉన్నా ఆ వంకర పెరుగుతూ పోతుంది. ఎంత దూరంలో ఎంత పెరుగుతుందో నిర్ణయించేది కొక్కెం నుంచి ఇరుసుకున్న దూరమే. ఆ దూరమంత వెనక్కి పోయేలోగా చిన్న వంకర 2.7 రెట్లవుతుంది. 8 మీటర్ల ట్రైలర్‌తో దిద్దుకోవడానికి 8 మీటర్ల వ్యవధి ఉంది. ట్రాక్టరుకు తగిలించే రెండు చక్రాల ట్రక్కుకు కొక్కెం నుంచి ఇరుసుకు 3 మీటర్లనుకుంటే, 8 మీటర్లు పోయేసరికి అదే వంకర 14 రెట్లు దాటుతుంది. ధాన్యం బస్తాలతో ఇంటి ముందు గేటులోకి ట్రక్కును వెనక్కి పెట్టే ట్రాక్టరు డ్రైవరు స్టీరింగ్‌ను క్షణం కూడా వదలకుండా ఇంతింత తిప్పుతూనే ఉండడం అందుకే. ఇక ముందు చక్రాలు కూడా తిరిగే నాలుగు చక్రాల ట్రక్కుకు రెండు కీళ్లు. మొదటి కీలు వంకరను రెండోది ఇంకా పెంచుతుంది. అలాంటి ట్రక్కును కాస్త దూరం కంటే ఎక్కువ వెనక్కి నెట్టాల్సి వస్తే, అనుభవం ఉన్న డ్రైవరైనా కొక్కెం విప్పి, ట్రాక్టరును చుట్టూ తిప్పుకొచ్చి, వేరే వైపు నుంచి లాగే దారి వెతుక్కుంటాడు. ఆటలో జంట ట్రైలర్లను డాక్‌కు పెట్టాల్సి వచ్చినప్పుడు చేతులెత్తేసేవాళ్లకు ఎదురయ్యేది కూడా అచ్చంగా ఈ రెండో కీలే.